రెండో కుర్చీ తీసేశారు

శనివారం మధ్యాహ్నం బస్సెక్కేలోగా నేను చేయాల్సిన పనులు ఇవి.

ఆసుపత్రి బిల్లింగు కౌంటరులో ఆదివారం డ్యూటీని పక్క కౌంటరు అక్కతో మార్చుకోవాలి. నాన్నకు బస్సు టైము, కడపలో మేము ఉండబోయే ఇల్లు, ఆ ఇంటివాళ్ల ఫోను నంబరు చెప్పాలి. ఇద్దరి ఆధార్ కార్డులు తీసుకోవాలి, జిరాక్సులు కాదు, అసలువి. జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి కట్టించుకోవాలి. షబీనా కార్డుల డబ్బా మూత వదులైంది, దానికి రబ్బరు బ్యాండు కొనాలి. షబీనా వాళ్ల నాన్న వలి సాహెబు దగ్గరికి పోయి, మీ అమ్మాయిని పిలుచుకుపోయి మళ్లీ పిలుచుకొస్తానని ఇంకోసారి మాట ఇవ్వాలి. నా కార్డుల డబ్బాను సంచిలో బట్టల అడుగున, ఎవరి కంటా పడకుండా పెట్టుకోవాలి.

అన్నీ చేశాను. చివరిది అన్నింటికంటే ముందు చేశాను.

కార్డులంటే పేకాట కాదు. ఈ ముక్క మా నాన్న శేషన్నకు నచ్చజెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆయన కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డల ట్రాలీ ఆటో తోలతాడు. యార్డు గోడ నీడలో పేకముక్కలు వేసేవాళ్లను రోజూ చూస్తాడు. వాళ్లలో ఇల్లు అమ్ముకున్నవాళ్లు కూడా ఆయనకు తెలుసు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. డిగ్రీ చదివిన బిడ్డ సెలవు రోజున ముక్కలు పట్టుకుని కూర్చుంటే ఏ తండ్రికైనా కష్టంగానే ఉంటుంది.

మేము ఆడే ఆట పేరు సప్తదుర్గ. బెంగుళూరులో ఒక కంపెనీ తయారుచేస్తుంది. ఆడేవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఏడు కోటలు. కోటకు సైన్యం, సైన్యానికి తిండి, తిండికి బావులు, అన్నీ కార్డులే. ఎవరి కట్ట వాళ్లు ఇంటి దగ్గరే పేర్చుకుని తెచ్చుకోవాలి. కార్డులు పొట్లాల్లో అమ్ముతారు, చించేదాకా లోపల ఏముందో తెలియదు. ఎదుటివాళ్ల కోటలన్నీ ముందుగా పడగొట్టినవాళ్లు గెలిచినట్టు.

డిగ్రీలో నా పక్కన కూర్చున్న షబీనాకు ఈ ఆట నేర్పింది నేనే. మొదటి పొట్లం కొన్నదీ నేనే. నేర్పిన మూడో నెలకే ఆమె నాకంటే బాగా ఆడింది. నేను దాన్ని గమనించాను, ఆమె గమనించలేదు. అందుకే ఇద్దరం స్నేహితులుగా ఉండగలిగాం.

పోటీల్లో మేము జోడీ. జోడీ పోటీలో ఒక వైపు రెండు కుర్చీలు వేస్తారు, ఇద్దరికీ కలిపి ఒకటే కట్ట. షబీనా ఆలోచించేది. నేను కార్డులు వేసేదాన్ని, లెక్క చూసేదాన్ని, గడియారం చూసేదాన్ని. షబీనా ఆలోచనలో పడితే పక్కన ఇల్లు కూలినా తెలియదు. సమయం దగ్గరపడినప్పుడు బల్ల కింద ఆమె పాదాన్ని నా పాదంతో తొక్కేదాన్ని. అంతే, వెంటనే తేరుకుని ఎత్తు వేసేది. ఆ పద్ధతితోనే నంద్యాలలో గెలిచాం, అనంతపురంలో రెండో స్థానం తెచ్చుకున్నాం. ఆట చూసినవాళ్లు మాత్రం "షబీనా ఆట భలే ఉండాది" అనేవాళ్లు. మీ ఆట అని ఎవరూ అనలేదు. పాదం బల్ల కింద ఉంటుంది, ఎవరికి కనపడుతుంది?

మా కట్టకు ప్రాణం అనావృష్టి అనే కార్డు. అది వేస్తే ఎదుటివాళ్ల బావులు ఎండిపోతాయి. సైన్యం అక్కడే ఉంటుంది, కోట అక్కడే ఉంటుంది, నీళ్లే ఉండవు. కొన్ని ఎత్తులు ఓపిక పడితే కోటలు వాటంతటవే పడిపోతాయి. అది నెమ్మది ఆట. మిగతా ఊళ్లవాళ్లకు అంత ఓపిక ఉండదు. మాకు ఉంది.

ఈసారి రాయలసీమ జోనల్ పోటీ కర్నూల్లోనే జరుగుతుందని కంపెనీ ముందు చెప్పింది. గెలిచినవాళ్లు బెంగుళూరు ఫైనల్‌కు పోతారు. మాకు సీటు ఖాయమైంది. అప్పటి నుంచి సవరణలు రావడం మొదలైంది. మొదట పోటీని కడపకు మార్చారు. తర్వాత అనావృష్టి కార్డును నాలుగు నుంచి ఒకటికి తగ్గించారు, ఇక నుంచి ఏ కట్టలోనైనా ఒక్కటే ఉండాలి. ఆ తర్వాత ఆట గడువును యాభై నిమిషాలకు తగ్గించారు. గడువు ముగిసేసరికి ఎవరి కోటలు ఎక్కువ నిలబడి ఉంటే వాళ్లదే గెలుపు. ఇదివరకు అయితే ఆట సమానం అనేవాళ్లు.

ఆదోనిలో మోటారు సైకిళ్ల మెకానిక్ గోపన్న కూడా ఈ ఆట ఆడతాడు. ఆయన మా ఫోను గ్రూపులో రాశాడు: "వానలు పడే ఊర్లో కూర్చోనుండేవాళ్లకు కరువు బరువైనట్టుండాది. మనం ఇన్నేండ్లు మోసినాం, వాళ్లు ఒక కార్డు మోయలేకపోయినారు." దాని కిందనే ఇంకొకటి: "ఆదోని నుంచి కడపకు నేను చేరేలోపల ఇంగో రూలు మారుతాదప్పా. నేను రాను, మీరు పోండి."

నిజంగానే ఇంకో రూలు మారింది. జోడీ పోటీ తీసేశారు. ఇకపై ఒక్కరే ఆడాలి. ఇదివరకు జోడీగా సీటు వచ్చినవాళ్లకు సీటు అలాగే ఉంటుంది, కానీ ఒకటే. ఆ ఒక్కరు ఎవరో వాళ్లలో వాళ్లే తేల్చుకోవాలట.

తేల్చుకోవడానికి షబీనా వాళ్లింట్లో కూర్చున్నాం. వాళ్ల నాన్న వలి సాహెబు టైలరు. గుడ్డ కత్తిరించే బల్ల మీద గజంబద్ద పక్కకు జరిపి చోటు చేసిచ్చాడు. వాళ్లమ్మ మదార్ బీ గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతూ చూసింది. నేను ఆమెను చిన్నమ్మా అని పిలుస్తాను.

"ఇద్దరూ ఆడకూడదంటనా?" అని అడిగింది.

"కూడదంట చిన్నమ్మా."

"నిన్నటిదాకా ఆడిరి గదా. ఏం తప్పు చేసినారు?"

"తప్పేం ల్యాదు. రూలు మార్చినారు."

"అట్లెట్ల మారుస్తారమ్మా? కుట్టేసినాక కొలత మారిస్తే గుడ్డ ఏం గావాల?"

ఉన్న కార్డులను రెండు కట్టలుగా పంచుకుని, మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లు కడపకు పోవాలి అనుకున్నాం. మొదటిది నేను గెలిచాను. రెండోది ఆమె గెలిచింది. మూడోదాంట్లో ఆమె ఒక చిన్న కాపలాదారు కార్డును నా ఎదురుగా ఊరికే వదిలేసింది. పొరపాటు అనుకుని దాన్ని కొట్టాను. అది పొరపాటు కాదని నాలుగు ఎత్తుల తర్వాత తెలిసింది. అలాంటి ఎత్తు నాకు జన్మలో తట్టదు. ఓడినందుకు కాదు, తట్టనందుకు కడుపులో మండింది.

"నువ్వు పో" అన్నాను.

"ఆడేది నేనైనా కట్ట మనిద్దరిదీ గదే" అంది షబీనా. ఆమె అట్లా అనకుండా ఉంటే బాగుండేది.

మదార్ బీ అప్పుడే దగ్గరికొచ్చి, "దీంట్లో ముఖ్యమైన ముక్క ఏది బిడ్డా?" అని అడిగింది. షబీనా అనావృష్టి చూపించింది. ఎండిన బావి గట్టున ఖాళీ బిందె బొమ్మ. "ఇది ఒగటే పెట్టుకోవాలంటమ్మా ఇంగ." మదార్ బీ దాన్ని వెలుతురుకు పట్టుకుని రెండు వైపులా చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చింది. మిగిలిన మూడు అనావృష్టులూ నా వాటాకు వచ్చాయి. వాటిలో ఒకటి పెట్టి నేను కూడా ఇంటి దగ్గర ఒక కట్ట పేర్చుకున్నాను. ఎందుకు పేర్చుకున్నానో అప్పుడు నన్ను నేను అడగలేదు.

తర్వాత వలి సాహెబు నన్ను చూపిస్తూ అసలు మాట చెప్పాడు. "జ్యోతి వస్తాదంటే పంపిస్తా. ఒగతే అయితే పంపియ్యను. కడప ఏమన్నా పక్కిల్లా?"

మా నాన్న ఇంటి దగ్గర ఇదే మాట తిప్పి అడిగాడు. "ఆడేది ఆ పిల్లయితే నువ్వేంటికి?"

"తోడుకి."

"తోడుకి పోనీకి డ్యూటీ మార్చుకుంటాండావా?"

నేను రానంటే షబీనా పోలేదు. ఆ సంగతి ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు. ఒక పూట ఆ అధికారం నా చేతిలో ఉంది. మధ్యాహ్నం కౌంటరులో రోగుల బిల్లులు కొడుతూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. సాయంత్రం ఫోను చేసి వస్తానని చెప్పాను. చెప్పిన మాట నిలబెట్టుకోవడం మా ఇంట్లో నేర్పారు. సంతోషంగా చెప్పమని ఎవరూ నేర్పలేదు.

బస్సు నంద్యాల దాటాక రెండు వైపులా నల్లరేగడిలో శనగ కోతలు కనపడ్డాయి. ఆళ్లగడ్డలో అహోబిలం పోయేవాళ్లు దిగి, బస్సు సగం ఖాళీ అయింది. షబీనా కిటికీ పక్కన కూర్చుని డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. నా సంచి నా కాళ్ల మధ్య ఉంది.

"సంచి పైన పెట్టరాదా మే, కాళ్లు పట్టుకుంటాయి" అంది.

"ఉండనీ."

"ఏం తెచ్చినావు అంత బరువు? మీ నాన్న ఉల్లిగడ్డలు కట్టిచ్చినాడా?"

"ఔ, కడపలో అమ్ముకోని రమ్మన్నాడు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి ఆమెకు జ్వరం రావాలని కోరుకున్నానా అంటే, కోరుకోలేదు. వస్తే ఏం చేయాలో మాత్రం సిద్ధం చేసుకున్నాను. రెండింటికీ తేడా ఉందని మైదుకూరు దాకా అనుకుంటూ పోయాను.

కడపలో పెద్ద దర్గా దగ్గర షబీనా వాళ్ల మేనత్త ఇంట్లో పడుకున్నాం. పొద్దున అత్త కారందోసెలు పెట్టింది. షబీనా రెండు తిని, ఇంకొకటి అడిగి తింది. జ్వరం లేదు, భయం లేదు.

పోటీ ఒక ఫంక్షన్ హాలులో పెట్టారు. అంతకుముందు రోజు అక్కడ పెళ్లి జరిగినట్టుంది, వేదిక మీద బంతిపూలు ఇంకా ఉన్నాయి. లోపలికి పోగానే నేను చూసింది బల్లలు. ప్రతి బల్లకు ఇటొక కుర్చీ, అటొక కుర్చీ. పోయినేడు ఇటు రెండు, అటు రెండు ఉండేవి. తీసేసిన కుర్చీలను గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి ముందు తాడు కట్టారు. వెంట వచ్చినవాళ్లు తాడుకు ఇవతల కూర్చోవాలి.

ఆడే ముందు రిఫరీ ప్రతి కట్టనూ తనిఖీ చేస్తాడు. రిఫరీ పేరు వీరభద్ర, అనంతపురం మనిషి, నెమ్మదస్తుడు. షబీనా కట్టను చేతిలోకి తీసుకుని పేకలాగా వంచి వదిలాడు. ఒక చోట టక్కుమని ఆగింది. ఆ కార్డును కవరులో నుంచి బయటికి లాగాడు. అనావృష్టి. మెరుస్తోంది. గట్టిగా, అద్దంలాగా ఉంది.

"ఇది లామినేషన్ గదమ్మా" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. మా ఇళ్లల్లో విలువైన కాగితం ఏదైనా మొదట లామినేషన్‌కే పోతుంది. రేషన్ కార్డు, ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా. నా డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజే నాన్న ట్రాలీ ఆపి కలెక్టరాఫీసు ఎదురుగా లామినేషన్ చేయించుకొచ్చాడు. మా ఊళ్లో ఎవరి మంచి కోరినా చేసే పని అది.

షబీనా ఇంటికి ఫోను చేసింది.

"అమ్మా, కార్డుకు ఏం చేసినావు?"

"లామినేషన్ చేపిచ్చినా బిడ్డా, నిన్న పొద్దున. నీవి చెమట చేతులు గదా. ఉండేది ఒగటే అంటివి, చెడిపోతే యాడ తెస్తాం?" ఫోనులో మదార్ బీ గొంతు నాకూ వినపడింది. "మీ నాయన కత్తెరతో అంచులు నేనే కత్తిరించినా. బాగుండాదా?"

షబీనా కత్తిరించిన ఆ అంచులను చూసింది.

"బాగుండాదమ్మా" అని ఫోను పెట్టేసింది.

వీరభద్ర చెప్పేది కూడా న్యాయమే. కళ్లు మూసుకున్నా వేలికి ఆ కార్డు ఎక్కడుందో తెలిసిపోతుంది, దాన్ని ఒప్పుకోలేరు. ఒక కార్డు తక్కువైన కట్టనూ ఒప్పుకోరు. "పావుగంట టైమిస్తాను. ఇంకొకటి తెచ్చుకోండి. లేకపోతే మీ జోడీలో ఇంకొకరు ఉండారు గదా, ఆమె కట్ట ఉంటే ఆమె ఆడొచ్చు. కర్నూలుకు సీటు ఒకటి, పేరు మార్చుకోవచ్చు."

"ఆమె కట్ట తేలేదన్నా. తోడుకి వచ్చింది" అంది షబీనా.

హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నేను చేయాల్సిన పనుల్లో ఇది లేదు. ఏం చేయాలన్నా, ఆమెకు కార్డు ఇవ్వాలన్నా, నేను కుర్చీలో కూర్చోవాలన్నా, సంచిలో నుంచి ఆ డబ్బా బయటికి రావాల్సిందే. ఏమీ చేయకుండా ఉంటే మాత్రం డబ్బా సంచిలోనే ఉంటుంది, ఇద్దరం పదకొండు గంటల బస్సుకు ఇంటికి పోతాం.

సంచి బల్ల మీద పెట్టి జిప్పు తీశాను. టవలు తీశాను. రాత్రి విడిచిన చుడీదారు తీశాను. జొన్నరొట్టెల మూట తీశాను. ఆ తర్వాత డబ్బా వచ్చింది. మూత తెరిస్తే కట్ట, కవర్లు తొడిగి, ఆడటానికి సిద్ధంగా.

షబీనా డబ్బా చూసింది, నన్ను చూసింది.

"ఉల్లిగడ్డలు ఇవేనా?"

"ఇవే."

"నాకు జొరమొస్తాదనా?"

"జొరమో, భయమో. ఏదో ఒగటి."

"రాల్యాదు గదా."

"రాల్యాదు."

వీరభద్ర ఇద్దరినీ చూసి, ఇది తన తనిఖీలోకి రాదనుకున్నట్టు, పక్క బల్లకు పోయాడు.

"ఆడతావా జ్యోతీ?" అని షబీనా అడిగింది. ఎగతాళిగా అడగలేదు. నిజంగా అడిగింది. నేను ఆడతానంటే లేచి తాడు ఇవతలికి వచ్చేదే, నా నీళ్ల సీసా పట్టుకుని కూర్చునేదే.

నాకు ఆడాలని ఉంది. అంతగా ఉందని అప్పుడే తెలిసింది. కానీ ఆ కుర్చీని ఆమె వాళ్ల నాన్న బల్ల మీద నన్ను ఓడించి తీసుకుంది. నేను ఆమెను ఓడించి కూర్చుంటే వేరు. మదార్ బీ చేయించిన లామినేషన్ నన్ను కూర్చోబెడితే, ఆ తర్వాత ఎన్ని కోటలు కొట్టినా అవి నావి కావు. దీన్ని మంచితనం అనుకోవద్దు. మంచితనమైతే చేతులు అంత నెమ్మదిగా కదలవు.

కట్టలో నుంచి అనావృష్టి తీసి ఆమె ముందు పెట్టాను. "తిరిగి ఇయ్యాల" అన్నాను.

"ఇస్తా" అంది.

మధ్యాహ్నం దాకా ఆమె వరసగా గెలిచింది. ప్రతి గెలుపుకూ నేను చప్పట్లు కొట్టాను. ఆమె ఫోను, ఆమె చున్నీ పిన్నులు, రెండు సంచులు, లామినేషన్ చేసిన ఆ కార్డు నా దగ్గరే ఉన్నాయి. పక్కన కూర్చున్న ఒకావిడ తన కొడుకు ఆట చూడటానికి వచ్చింది. "ఆ అమ్మాయికి మీరేమవుతారమ్మా?" అని అడిగింది. తోడుకి వచ్చానని చెప్పాను. "ఆడరా మీరు?" అంది. "కొంచెం వచ్చు" అన్నాను. ఆ మాట నోట్లో నుంచి వచ్చాక చాలాసేపు చేదుగా ఉంది.

ఆఖరి ఆట కడప అబ్బాయి హర్షవర్ధన్‌తో పడింది. వాళ్లకు బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ ఉంది. రూలు మారినప్పుడల్లా అతను కొత్త పెట్టె మొత్తం తెప్పించుకుంటాడు, చెన్నైలో పోటీ అయినా హైదరాబాదులో పోటీ అయినా కారులో పోతాడు. మేము గ్రూపులో వారం రోజులు తిట్టుకునే సవరణ అతనికి ఒక మధ్యాహ్నం పని. అయినా మర్యాదస్తుడు. షబీనా కూర్చునేదాకా తను కూర్చోలేదు. అతన్ని చూసి కూడా నాకు అసూయ కలిగింది, కానీ అది సులువైన అసూయ, దూరంగా పోయే కారును చూసినట్టు. షబీనా మీది అట్లా కాదు. ఆమెది మా ఇల్లు లాంటి ఇల్లే, మా ఇంట్లో లాంటి లామినేషన్లే. ఆమెకు ఉన్నదీ నాకు లేనిదీ ఏ పెట్టెలోనూ దొరకదు.

గడియారం షబీనా వీపు వెనక గోడకు ఉంది. అడిగితే రిఫరీ టైము చెబుతాడు. అడగకపోతే చెప్పడు. ఆట నడిచేటప్పుడు తాడు ఇవతలి నుంచి ఎవరైనా సైగ చేసినా, మాట్లాడినా, దగ్గినా ఆడేవాళ్లు ఓడిపోయినట్టే. పొద్దున్నే అందరికీ చదివి వినిపించారు.

సగం ఆటలో షబీనా నా అనావృష్టి వేసింది. హర్షవర్ధన్ బావులన్నీ ఎండిపోయాయి. అతనికి నాలుగు కోటలు ఉన్నాయి, ఆమెకు మూడు. అతని సైన్యానికి నీళ్లు లేవు. ఇంకో రెండు మూడు ఎత్తుల్లో ఆ నాలుగూ కూలిపోతాయి, అది అతనికి కూడా తెలుసు. అందుకే అతను మాటిమాటికీ గడియారం వైపు చూస్తున్నాడు. షబీనా చేతిలోని కార్డులను చూస్తూ ఆలోచనలో పడిపోయింది. ఆ ముఖం నాకు తెలుసు. పక్కన ఇల్లు కూలినా వినపడని ముఖం.

నా కుడి పాదం దానంతటది నేలను తొక్కింది. కింద గచ్చు తప్ప ఏమీ లేదు.

గడియారం ముల్లు నాకు స్పష్టంగా కనపడుతోంది. ఇంకా నాలుగు నిమిషాలు. ఇంకా రెండు. ఒక్కసారి తల తిప్పు మే, అనుకున్నాను. గొంతులో దగ్గు వచ్చి కూర్చుంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. నేను దగ్గలేదు. దగ్గితే ఆమె ఓడిపోతుంది కాబట్టి దగ్గలేదు. ఆ రూలే లేకపోతే దగ్గేదాన్నా అని షబీనా ఇంతవరకూ నన్ను అడగలేదు.

ఆమె కార్డు ఎత్తింది. అది బల్లకు తగలకముందే వీరభద్ర "టైమ్" అన్నాడు. ఆమె తల ఎత్తి, నిద్ర లేచినట్టు చుట్టూ చూసింది. వీరభద్ర కోటలు లెక్కపెట్టాడు. అటు నాలుగు, ఇటు మూడు.

హర్షవర్ధన్ లేచి నిలబడి, "ఇంకో ఎత్తు ఉంటే నేను పోయేవాన్నే" అన్నాడు. నిజమే చెప్పాడు. దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

అందరూ షబీనా చుట్టూ చేరారు. పొద్దున ఓడినవాళ్లు, వాళ్లతో వచ్చినవాళ్లు, నా పక్కన కూర్చున్న ఆవిడ కూడా. "ఎంత ఆటమ్మా", "అన్యాయం రూలప్పా ఇది", "పోయినేడు అయితే సమానం గదా". ఒకరు ఆమె భుజం తట్టారు, ఒకరు కూల్‌డ్రింకు తెచ్చిచ్చారు. నేను సంచులు పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. అప్పుడు నాకు కలిగిందేమిటో దాచిపెట్టను. ఆమె గెలిచినప్పుడు కలిగిన మంట కంటే అది ఎక్కువ. జోడీగా ఉన్నప్పుడు అనంతపురంలో ఇద్దరం ఓడాం, ఇద్దరం ఏడ్చాం. ఈసారి ఓటమి కూడా ఆమె ఒక్కతికే దక్కింది. నాకు అందులో కూడా వాటా లేదు.

బస్టాండులో కర్నూలు బస్సు కోసం బల్ల మీద కూర్చున్నాం. షబీనా నా అనావృష్టిని తీసి నా చేతిలో పెట్టింది. నేను లామినేషన్‌ది ఆమెకు ఇచ్చాను.

"టైము చూస్తాండావు గదా నువ్వు?" అని అడిగింది.

"చూస్తాండా."

"నాకు తెల్సు." చెప్పు విడిచి పాదం చూసుకుంది. "బల్ల కింద కాలు చాపే పెట్టినా మే. తొక్కుతావులే అనుకోని కూర్చున్యా. నువ్వు అవతల ఉండావనే మతికి రాల్యా."

అన్నేళ్లలో ఆ పాదం సంగతి ఆమె నోట వినడం అదే మొదటిసారి. ఆమెకు గుర్తే ఉండదనుకున్నాను. బస్సు వచ్చింది. ఈసారి కిటికీ పక్క సీటు నాకు వదిలింది, నేను తీసుకున్నాను.

ఇంటికి పోయాక మదార్ బీ ఆ కార్డును ఫ్రేము కట్టించింది. షబీనా డిగ్రీ పట్టా పక్కన, కుట్టుమిషనుకు పైన తగిలించింది. "ఇదే మా బిడ్డ కడపలో ఆడిన ముక్క" అని గుడ్డలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు చూపిస్తుంది. ఆ ముక్క ఆడలేదని, ఆడింది నాదని షబీనా ఆమెకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అక్కడికి పోయినప్పుడల్లా మాత్రం గోడకేసి చూస్తాను, చూసి మళ్లీ గుండీల డబ్బా వైపు తిరుగుతాను.

కంపెనీ వెబ్‌సైటులో జోనల్ ఫలితాలు పెట్టారు. పోయినేడు రెండు పేర్లకు, రెండో స్థానానికి కూడా చోటు ఉండేది. కొత్త పద్ధతిలో జోనుకు ఒకటే పేరు. రాయలసీమ అని ఉన్నచోట హర్షవర్ధన్, కడప అని ఉంది. వచ్చే నెల నుంచి అనావృష్టి కార్డును పూర్తిగా తీసేస్తున్నారని కింద చిన్న అక్షరాల్లో రాశారు. ఇక ఆ ఆట ఎవరూ ఆడరు, ఆడింది ఎవరో చూసినవాళ్లు కూడా మరచిపోతారు.

అందుకే ఇది రాశాను. ఇప్పటికీ ఆమె ఎత్తులు తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది, అది ఆరుతుందని నేను అనుకోవడం లేదు. అయినా నాకంటే బాగా ఎవరూ ఆమె ఆటను చూడలేదు కాబట్టి నేనే అడగాలి. కరువు కార్డుతో నాలుగు కోటలను నీళ్లు లేకుండా నిలబెట్టి, గడియారం చూడటం మరచిపోయిన కర్నూలు అమ్మాయి ఒకామె ఉంది. పేరు షబీనా, వలి సాహెబు, మదార్ బీల కూతురు. దయచేసి ఆ పేరు గుర్తుపెట్టుకోండి.